బొమ్మ హలాలైతే బేరం హలాలైపోదు

వడ్డీ లేదు, అశ్లీలం లేదు, ఇక యాప్ చందాల్లో షరీఅత్‌కు పనేముందని మొన్న ఒక నికాహ్ విందులో బాగా చదువుకున్న పెద్దమనిషి తేల్చేశారు. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కాక అంతా హలాలేనట. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది. తెరమీద ఏం కనిపిస్తోందో చూస్తారు గానీ, డబ్బు ఏ ఒప్పందం మీద పోతోందో చూడరు. ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) గ్రంథాలు బేరాలకూ కిరాయిలకూ అన్నేసి అధ్యాయాలు ఊరికే కేటాయించాయా?

మన మదర్సాల్లో తరతరాలుగా చదువుతున్న హిదాయా తెరవండి. పన్నెండో శతాబ్దంలో మర్గీనానీ రాసిన హనఫీ గ్రంథమది. ఎన్ని నెలలో చెప్పకుండా, నెలకు దిర్హం చొప్పున ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ ఒప్పందం ఒక్క నెలకే చెల్లుతుందంటుంది. రెండో నెల మొదలయ్యాక కూడా అద్దెదారు ఇంట్లోనే ఉంటే ఆ నెలకూ ఒప్పుకున్నట్టు. లేదంటే నెలాఖరుకు ఎవరి దారి వారిది. మరి గడువు లేని నెలవారీ చందా ఇంతకంటే వేరేమిటి? ఫ్రీ ట్రయల్ పేరుతో కార్డు వివరాలు పుచ్చుకుని, ఆ తర్వాత యాప్ మొహమైనా చూడని మనిషి ఖాతాలోంచి నెలనెలా కోసుకుంటున్నారే, అతను ఏ ఇంట్లో ఉన్నాడని ఈ అద్దె? చేరడం ఒక్క నొక్కుతో అయిపోతుంది. మానుకునే దారి మాత్రం వెతికి వెతికి పట్టుకోవాలి. ఖురాన్ (4:29) చెప్పింది పరస్పర అంగీకారంతో సాగే వర్తకం గురించి. మనిషి మతిమరుపు మీద సాగే వర్తకం గురించి కాదు.

షరతులన్నీ ముందే రాసిపెట్టారుగా అంటారు. ఎక్కడ? ఇంగ్లిషులో, పేజీలకు పేజీలు, చీమతలకాయంత అక్షరాల్లో. మదీనా బజారులో ప్రవక్త (సఅసం) ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వ్యాపారి. జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడన్నారు. హనఫీ పంథాకు మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా స్వయంగా కూఫాలో పట్టుబట్టల వర్తకుడు. భాగస్వామి ఒక బట్టలోని లోపం చెప్పకుండా అమ్మేస్తే, వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని చెబుతారు. అలాంటి మనిషి పేరు చెప్పుకునే మనం ఈ చందాల దగ్గర నోరెత్తం.

చందాలే కాదు, గేముల్లో ఏమొస్తుందో తెలియని పెట్టెను డబ్బు కట్టి తెరవడం జూదమే. చెల్లింపు ఆలస్యమైతే కంపెనీ తన జేబులో వేసుకునే జరిమానా రిబాయే, అంటే వడ్డీయే. వీటి మీద వాదన అనవసరం.

ఇది కొత్త విషయం, పండితులు ఇంకా ఆలోచించాలి అనే సాకు కూడా చెల్లదు. ఫోను, టెలెక్స్ వంటి సాధనాలతో కుదిరే ఒప్పందాల మీద జెద్దా ఫిఖ్ అకాడమీ 1990లోనే తీర్మానం చేసింది. భారత ప్రభుత్వం 2023 నవంబరులో 13 రకాల ఆన్‌లైన్ మోసపు ఎత్తుగడలను పేరుపేరునా నిషేధిస్తూ, వాటిలో చందా ఉచ్చునూ చేర్చింది. సర్కారుకు కనిపించిన తడి మన మింబర్ల మీదున్నవాళ్లకు కనిపించదా? సంగీతం వినొచ్చా, సినిమా చూడొచ్చా అన్నవాటికే జుమా ప్రసంగాలన్నీ సరిపోతున్నాయి.

ముఫ్తీలు, వకీళ్లు, యాప్‌లు రాసే మన కుర్రాళ్లు ఒకచోట కూర్చోవాలి. నెల ముగియగానే యాప్ తెలుగులోనో ఉర్దూలోనో మళ్లీ అడగాలి, జవాబు రాకపోతే చందా ఆగిపోవాలి. మిగతా నియమాలు వాళ్లే తేల్చుకోవచ్చు. ఖురాన్ నేర్పుతామంటూ చందాలు తీసుకునే యాప్‌లతోనే ఇది మొదలుపెట్టాలి.