దర్శనం అయింది ఎవరి మిద్దె మీద?

మన ఊళ్ళలో తెర కట్టి వేసిన 'కరుణామయుడు' చూసి పెరిగినవాళ్ళం. 1978 నాటి ఆ సినిమాలో విజయచందర్ శిలువ మోస్తుంటే అమ్మలక్కలు కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళు. శిలువ తర్వాతి కథను అమెరికాలో ఎన్‌బీసీ చానెల్ 'ఏ.డి. ది బైబిల్ కంటిన్యూస్' పేరుతో సీరియల్‌గా చూపించింది. 2015 ఏప్రిల్ 5న, ఈస్టర్ రోజున మొదలై, పన్నెండు ఆదివారాల్లో ముగిసింది. రెండో సీజన్ రాలేదు.

స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపడం, సౌలు విశ్వాసులను వెంటాడటం చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మా గదిలో నలుగురం డ్యూటీ దిగి వచ్చి చూసేవాళ్ళం. "మనవాళ్ళు ఎన్ని బాధలు పడ్డారో!" అనుకునేవాళ్ళం. చూసే ప్రతివాడూ తనను స్తెఫను పక్కనే నిలబెట్టుకుంటాడు. రాళ్ళు వేసేది ఎప్పుడూ ఇంకెవరో!

నాకు మాత్రం పేతురు దగ్గర మనసు ఆగిపోయింది. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం తీసి చూడండి. ఆయనకు దర్శనం కలిగింది యొప్పేలో, సముద్రం పక్కన, చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దె మీద. తోలు పని చేసేవాడి ఇల్లు మన ఊళ్ళో ఎటు వైపు ఉంటుందో వేరే చెప్పాలా? ఆకలి మీదున్న పేతురుకు ఆకాశం నుంచి దుప్పటి లాంటిది దిగింది. అందులో అన్ని రకాల జంతువులూ ఉన్నాయి. తినమంటే, అపవిత్రమైనది ముట్టనన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తర్వాతే అన్యుడైన కొర్నేలి గడప తొక్కాడు. తిరిగి వస్తే యెరూషలేములో సొంతవాళ్ళే నిలదీశారు, వాళ్ళతో కలిసి ఎందుకు తిన్నావని. ఆ అడ్డు రోమా సైన్యం పెట్టింది కాదు.

మా గదికి ఒకసారి కొత్త కుర్రాడు వచ్చాడు. ఊరు అడిగారు, ఇంటిపేరు అడిగారు. ఆ వారం నుంచి వంట వంతుల్లో అతని పేరు లేదు. "నువ్వు గిన్నెలు కడుగు తమ్ముడూ, చాలు" అన్నారు. నెల తిరక్కుండానే వెళ్ళిపోయాడు. నేనూ నోరెత్తలేదు. ఆదివారం మాత్రం పక్కపక్కనే కూర్చుని పాటలు పాడాం.

"అమెరికాలో కులమెక్కడ ఉందండీ?" అంటారు కొందరు. లేకపోతే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను ఎందుకు నిషేధించినట్టు? అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశారు. ఉన్న చట్టాలు చాలన్నారు గానీ, వివక్ష లేదనలేదు.

చట్టం ఆఫీసు దాకా వస్తుంది. గదిలోని అన్నం గిన్నె దాకా రావలసింది మనమే. క్రైస్తవులైనా, కాకపోయినా, ఈ వారం వంట వంతుల కాగితం ఒకసారి చూడండి. అందులో ఎవరి పేరు లేదు?