దూరాన పుట్టే చట్టాలు

వేసవి వచ్చిందంటే కృష్ణగిరి చుట్టుపట్ల మామిడి తోటలలో సందడే సందడి. తోతాపురి కాయలు, మనవాళ్లు కొందరు బెంగుళూరా అంటారు, బండ్లకెత్తి గుజ్జు కార్ఖానాలకు తోలుతారు. అక్కడ గుజ్జు తీసి, డబ్బాలలోనూ పీపాలలోనూ నింపి, అరబ్బు దేశాలకూ ఐరోపాకూ ఓడలెక్కిస్తారు. హోసూరు గులాబీలు కూడ విదేశాలకు పోతున్నాయి. ఇదేమీ మన చదువరులకు కొత్త కాదు. తోటలోనో, కార్ఖానాలోనో, లారీ మీదనో మనలో ఎన్నో కుటుంబాలకు ఈ వ్యాపారంతో పొత్తు ఉన్నది.

ఆ గుజ్జు ఐరోపాలో దిగాలంటే ఒక అంకె దాటకూడదు. పంటకు కొట్టే ఏ పురుగుమందుకైనా ప్రత్యేకంగా హద్దు వ్రాసి ఉంటే సరే; వ్రాసి ఉండకపోతే, కిలో సరుకులో ఆ మందు 0.01 మిల్లీగ్రాముకు మించి మిగలరాదు. లెక్క కట్టి చూడండి. పది టన్నులు పట్టే లారీలు పదింటి నిండా మామిడిపండ్లు పోస్తే, ఆ మొత్తానికి ఒక్క గ్రాము!

ఈ అంకెను చెన్నైలో వ్రాయలేదు, ఢిల్లీలోనూ వ్రాయలేదు. ఐరోపా సమాఖ్య 2005లో చేసిన ఒక చట్టంలో అది ఉన్నది. 2008 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చింది. మనం ఓటు వేయని చోట, మన తోటలోకి వచ్చిన చట్టం ఇది. అటువంటి చట్టం ఎవరు చేస్తారు, ఎట్లా చేస్తారు, దానిలో మన మాటకు చోటు ఉన్నదా అన్నది ఈ నెల చూద్దాం. ఇతరుల ఇంటి సంగతి మనకెందుకని అనుకోకండి. ఆ ఇంటి పద్ధతి తెలిస్తే మన ఇంటి పద్ధతి కూడ కొంత తేటపడుతుంది.

ఇరవైయేడు ఇండ్లున్న ఒక వీధిని తలచుకోండి. ఎవరి పొయ్యి వారిది, ఎవరి పొలం వారిది. కాని బావి ఉమ్మడిది. బావి వాడకానికి కట్టుబాట్లు అందరూ కలిసి చేసుకోవాలి; చేసుకున్నాక అందరూ పాటించాలి. ఐరోపా సమాఖ్య దాదాపు అటువంటిది. రెండు ప్రపంచ యుద్ధాలలో కాలిపోయిన ఐరోపాలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గు అనే ఆరు దేశాలు 1951లో తమ బొగ్గునూ ఉక్కునూ ఉమ్మడి పెత్తనం కింద పెట్టాయి. ఫిరంగులు పోసేది ఆ రెండింటితోనే కదా! 1957లో అవే దేశాలు రోములో సంతకాలు చేసి వ్యాపారాన్ని కూడ ఉమ్మడి చేసుకున్నాయి. 1992లో మాస్ట్రిక్టు సంధి మీద సంతకాలయ్యాయి; ఆ మరుసటి ఏడు దానితో నేటి సమాఖ్య ఏర్పడింది. ఇప్పుడు సభ్యదేశాలు 27. బ్రిటను 2020లో వెళ్లిపోయింది.

మన కేంద్రానికీ ఆ సమాఖ్యకూ ఉన్న తేడాను ఇక్కడే గమనించాలి. మనకు ముందు రాజ్యాంగం. దాని కింద కేంద్రమూ రాష్ట్రాలూ. ఏ జాబితాలోనూ చేరని విషయం మన దేశంలో కేంద్రానికి చెందుతుంది. అక్కడ ముందు దేశాలు. సంధిలో అవి ఇచ్చిన అధికారమే సమాఖ్యకు ఉంటుంది. ఇవ్వనిది దేశం దగ్గరే నిలుస్తుంది. సభ్యదేశం కావాలంటే బయటికి పోవచ్చు. మన రాష్ట్రానికి ఆ దారి లేదు.

ఇక అక్కడి సంస్థల సంగతి. అన్నిటికన్న పైన దేశాధినేతలు, ప్రధానులు కూర్చునే సభ ఒకటి ఉన్నది. అది దారి చూపుతుంది గాని చట్టాలు చేయదు. చట్టం పని మూడు సంస్థలది.

మొదటిది కమిషను. దేశానికి ఒక్కరు చొప్పున 27 మంది, అయిదేండ్ల పదవి. వీరు తమ దేశం తరఫున మాట్లాడరాదు. మొత్తం సమాఖ్య మేలు చూడాలి. బిల్లు చిత్తు వ్రాసి ముందుకు తెచ్చే హక్కు దాదాపుగా వీరిదే. మన లోక్‌సభలో మంత్రి కాని సభ్యుడు కూడ బిల్లు పెట్టవచ్చు. అక్కడి పార్లమెంటు సభ్యునికి ఆ హక్కు లేదు, కమిషనును అడగవలసిందే.

రెండవది పార్లమెంటు. 1979 నుండి ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. 2024 ఎన్నికల తరువాత సభ్యుల సంఖ్య 720. జర్మనీకి 96 మంది, చిన్న దీవి మాల్టాకు 6గురు. జనం ప్రకారం చూస్తే మాల్టాకు అంతమంది రారు. చిన్నవాడి గొంతు వినబడాలని ఆ ఏర్పాటు.

మూడవది మంత్రుల కౌన్సిలు. వ్యవసాయం మీద చర్చ అయితే 27 దేశాల వ్యవసాయ మంత్రులు, రవాణా అయితే రవాణా మంత్రులు వచ్చి కూర్చుంటారు. ఇక్కడి ఓటు లెక్క తమాషాగా ఉంటుంది. సాధారణంగా బిల్లు నెగ్గాలంటే దేశాలలో నూటికి 55, అంటే 15 దేశాలు, ఒప్పుకోవాలి. ఆ దేశాలలో మొత్తం జనాభాలో నూటికి 65 మంది ఉండాలి. పెద్ద దేశాలు నాలుగైదు కలిసి చిన్నవాటిని తొక్కలేవు. చిన్నవన్నీ కలిసి పెద్దవాటిని త్రోసిరాజనలేవు. పన్నులు, విదేశాంగం వంటి కొన్ని విషయాలకు మాత్రం అందరూ ఒక్కమాట కావాలి. ఒక్క దేశం కాదన్నా ఆగిపోతుంది.

బిల్లు నడక ఇట్లా ఉంటుంది. కమిషను చిత్తు వ్రాస్తుంది. ఆయా దేశాల పార్లమెంట్లకు ఎనిమిది వారాల గడువు ఉంటుంది. ఇది మేమే చూసుకోగల పని, మీరు చేయనక్కరలేదు అని అభ్యంతరం చెప్పుకోవచ్చు. తరువాత పార్లమెంటూ కౌన్సిలూ విడివిడిగా పరిశీలించి సవరణలు చేస్తాయి. ఇద్దరి మాట ఒకటైతే చట్టం. కాకపోతే రెండవ దఫా. అప్పటికీ కుదరకపోతే రెండు వైపుల నుండీ 27 మంది చొప్పున కూర్చుని రాజీ చేయాలి. అదీ పొసగకపోతే బిల్లు పడిపోయినట్లే. ఈ రోజులలో చాలా బిల్లులు మూడు సంస్థల ప్రతినిధులూ ముందే మాట్లాడుకుని మొదటి దఫాలోనే తేల్చుతున్నారు. పని త్వరగా తెమిలినా, తలుపులు మూసి మాట్లాడుకుంటారన్న నింద ఉన్నది.

అయిన చట్టాలలో రెండు జాతులు ముఖ్యం. ఒకటి, పుట్టిన మాట పుట్టినట్లే 27 దేశాలలోనూ నేరుగా అమలయ్యేది. మన 0.01 అంకె ఉన్న చట్టం ఆ జాతిదే. రెండవది, ఫలితం మాత్రం చెప్పి, దారి ఆయా దేశాలకు వదిలేది. ఫలానా తేదీలోగా ప్రతి దేశమూ తన చట్టం తాను వ్రాసుకోవాలి.

ఉమ్మడి చట్టమూ దేశపు చట్టమూ ఢీకొంటే ఏది నిలవాలి? దీనికి జవాబు ఒక కరెంటు బిల్లులో నుండి పుట్టింది. 1962లో ఇటలీ ప్రభుత్వం విద్యుత్తు కంపెనీలను స్వాధీనం చేసుకున్నది. మిలానులో కోస్టా అనే వాటాదారు అది రోము సంధికి విరుద్ధమని, 1,925 లీరాల బిల్లు కట్టనని మొండికేశాడు. వ్యవహారం లక్సెంబర్గులోని ఉమ్మడి న్యాయస్థానం దాకా పోయింది. 1964లో ఆ న్యాయస్థానం, సంధిలో ఇచ్చిన విషయాలలో ఉమ్మడి చట్టమే పైచేయి అని తేల్చింది. సమాఖ్యకు నేటికీ అదే మూలస్తంభం. ఒక సామాన్యుడు పట్టుబట్టి అడిగినందువల్ల వచ్చిన తీర్పు అది.

మళ్లీ మామిడిపండు దగ్గరకు వద్దాం. పెద్ద చట్టంలో చిన్న చిన్న వివరాలన్నీ పార్లమెంటు వ్రాయలేదు. వాటిని కమిషనుకు వదిలి, సభ్యదేశాల నిపుణుల సంఘం ఓటుతో నడిపిస్తారు. 2014లో మన పండ్లకు తగిలినది ఆ దెబ్బే. అంతకు ముందటి ఏడు భారతదేశం నుండి వచ్చిన 207 సరుకులలో పండు ఈగ వంటి పురుగులు కనబడ్డాయని ఆ నిపుణుల సంఘం ఓటు చేసింది. 2014 మే 1 నుండి తాజా మామిడిపండ్లూ, వంకాయ, కాకర, పొట్ల, చేమ కూడ ఐరోపాలో దిగకుండా నిషేధం వచ్చింది. గుజ్జుకు ఆ నిషేధం లేదు. మనవాళ్లు తనిఖీ పద్ధతులు గట్టిచేశారు. అక్కడి నుండి పరిశీలకులు వచ్చి చూసి వెళ్లారు. 2015 జనవరిలో అదే సంఘం మామిడి మీది నిషేధం తీసివేయడానికి ఓటు వేసింది. అందరికీ తెలిసిన పెద్ద సభలో కాక, పేరెరుగని చిన్న గదిలో మన పంట ధర తేలింది.

అయితే ఆ గదికి కూడ ఒక కిటికీ ఉన్నది. ఇటువంటి ఉత్తర్వుల చిత్తును ముందుగా ప్రకటించి, సాధారణంగా నాలుగు వారాలు అభిప్రాయాలు తీసుకుంటారు. పెద్ద బిల్లులకు ఎనిమిది వారాలు. వ్రాసేవారు ఐరోపావారే కానక్కరలేదు. ఆహార రక్షణ నిబంధనలైతే ప్రపంచ వాణిజ్య సంస్థకు కూడ తెలియజేయాలి. అక్కడ అరువది దినాల గడువు ఇవ్వడం వాడుక. కిటికీ తెరిచి ఉన్నప్పుడు వ్రాసిన వాని మాట కాగితం మీదకు ఎక్కుతుంది. మూసిన తరువాత తలుపు తడితే ఆలకించేవారు తక్కువ.

ఇక మనకు అన్నిటికన్న దగ్గరి విషయం, భాష. ఆ కూటమి చేసిన మొట్టమొదటి చట్టం, ఒకటవ నంబరుది, 1958లో వచ్చింది. అది బొగ్గు మీద కాదు, సుంకాల మీద కాదు. ఏయే భాషలలో పని జరగాలన్నదాని మీద! అప్పుడు నాలుగు భాషలు, ఇప్పుడు 24. చట్టం 24 భాషలలోనూ వెలువడుతుంది. ఒకటి అసలు, మిగిలినవి నకళ్లు అన్నమాట లేదు. పౌరుడు ఏ భాషలో వ్రాస్తే ఆ భాషలోనే జవాబు పొందే హక్కు సంధిలోనే ఉన్నది. అయిదారు లక్షలమంది మాట్లాడే మాల్టా భాషకు 2004 నుండి ఆ గౌరవం దక్కింది. 1973లోనే చేరిన ఐర్లండు తన ఐరిషు భాషకు 2007 దాకా ఆ హోదా అడిగి తెచ్చుకోలేదు; వచ్చిన తరువాత కూడ అనువాదకులు చాలక 2022 దాకా సగం సగంగానే నడిచింది.

దీనికి మరొక ప్రక్క ఉన్నది. స్పెయినులో కతలాను భాషను మాట్లాడేవారు మాల్టా జనం కన్న ఎన్నో రెట్లు. అయినా అది ఆ 24లో లేదు. కారణం, భాషను అడగవలసినది దేశం. ఒప్పుకోవలసినది 27 దేశాలూ. స్పెయిను 2023లో అడిగింది; 2025లో కూడ నిర్ణయం వాయిదాపడింది. భాష బలం ఎంతమంది నోళ్లలో ఉన్నదన్నదానితో తేలదు. ఏ గీతకు ఇటు ఉన్నారు, అటు ఉన్నారు అన్నదానితో తేలుతుంది. హోసూరులో తెలుగు మాట్లాడే మనకు ఈ మాట వేరే విడమరచి చెప్పనక్కరలేదు. కొద్ది మైళ్ల ఆవల మన భాష ప్రభుత్వ భాష. ఇవతల అల్పసంఖ్యాకుల భాష.

గీతలు గీసిన 1956లోనే మన రాజ్యాంగంలో దీనికి కొంత మందు చేర్చారు. 350-ఏ అధికరణం అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక తరగతులలో మాతృభాషలో చదువు చెప్పించే వసతికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అన్నది. 350-బి ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక అధికారి ఉండాలి. 1957లో ఆ కార్యాలయం మొదలయింది. వీటికి ముందునుండీ ఉన్న 350వ అధికరణం, ఎవరైనా తన కష్టం చెప్పుకుంటూ కేంద్రంలోని ఏ అధికారికైనా కేంద్రంలో వాడే ఏ భాషలోనైనా, రాష్ట్రంలోని అధికారికైతే రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చునంటున్నది. ఐరోపా సంధికీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, కాని చిన్నది కాదు. అక్కడ అదే భాషలో జవాబు ఇవ్వాలని ఉన్నది. ఇక్కడ అర్జీ మాట ఉన్నది గాని జవాబు మాట లేదు.

ఆ లోటును కోర్టుల దగ్గర చూశాం. 2006లో తమిళనాడు శాసనసభ, బడులలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఒకటవ తరగతితో మొదలై ఏడాదికొక తరగతిగా పైకి ప్రాకి, 2015-16లో పదవ తరగతికి చేరింది. తమిళం మనకు పరాయిది కాదు. ఇరుగుపొరుగుతో నిత్యం మాట్లాడే భాష. తెలుగే మొదటి భాషగా చదివిన పిల్లవాడు పబ్లిక్ పరీక్షలో ఏ కాగితం వ్రాయాలన్నదే చిక్కు. భాషా అల్పసంఖ్యాకుల కుటుంబాలు హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ ఎక్కి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు మినహాయింపును మరొక ఏడాది పొడిగించింది. చట్టం పుట్టడానికీ అది ఇంటి గడప తొక్కడానికీ నడుమ పదేండ్లు గడిచాయి.

చట్టాన్ని చిత్తుగా ఉన్నప్పుడు సవరించడం మొక్కను వంచడం వంటిది. కోర్టుకు ఎక్కడం మ్రానును వంచడం. మన దేశంలోనూ కిటికీలు లేకపోలేదు. కేంద్రం చేసే చట్టాల చిత్తును కనీసం 30 దినాలు ప్రజల ముందు ఉంచాలని 2014లో ఒక విధానం పెట్టుకున్నారు. అది అన్ని వేళలా పాటించబడదు, అడిగేవారుంటే పాటించబడే అవకాశం పెరుగుతుంది. పార్లమెంటు సంఘాలు బిల్లుల మీద విన్నపాలు తీసుకుంటాయి. ఉభయ సభలకూ అర్జీల సంఘాలు వేరే ఉన్నాయి.

కనుక మా మనవి ఇంతే. ప్రతి ఊరిలోనూ మన సంఘంలో ఒకరు గెజిట్లూ ప్రకటనలూ చూసే పని పెట్టుకోవాలి. మామిడి రైతుల సంఘాలవారు 0.01 వంటి అంకెలు మారబోతున్నాయని తెలియగానే వ్రాయాలి. బడి సంగతి, భాష సంగతి అయితే అర్జీ తెలుగులోనే వ్రాయండి. ప్రక్కన తమిళంలోనో ఇంగ్లీషులోనో అనువాదం జతపరచండి, జవాబు త్వరగా వస్తుంది. తెలుగు ప్రతిని మాత్రం మానకండి. రాష్ట్రంలో వాడే భాషకే 350వ అధికరణం హక్కు ఇచ్చింది. అర్జీలలో కనబడని భాష వాడుకలో ఉన్నదని రేపు రుజువు చేయవలసి వస్తే, మన చేతిలో చూపడానికి కాగితం ఉండాలి కదా.