పడవకు ఏ పలక మేలు?

నావ అన్నా, కిష్తీ అన్నా దాని ధర్మం ఒక్కటే: నమ్మి ఎక్కినవానిని ఒడ్డు చేర్చడం. ఆ ధర్మం నెరవేరడం పడవ గుల్లను ఏ పదార్థంతో కట్టారన్నదానిపై ఎంతగానో ఆధారపడి ఉంటుంది. మన తీరంలో విస్తారంగా కనిపించే ఒంటిపొర ఫైబర్ పడవల మాట అటుంచితే, చిన్న పడవ కట్టించదలచినవాని ముందు మరి రెండు మార్గాలున్నాయి. ఒకటి ప్లైవుడ్, రెండవది, రెండు ఫైబర్ గ్లాస్ పొరల నడుమ ఫోమ్‌ను ఇమిడ్చిన పలక. కొత్తది కనుక రెండవదే ఉత్తమమని తలచేవారు లేకపోలేదు. ఈ విషయమై నా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఫోమ్ పలక గుణాలను న్యాయబుద్ధితో ఒప్పుకోవాలి. ఘనమీటరు ప్లైవుడ్ సుమారు 600 కిలోలు తూగితే, పడవలలో వాడే పి.వి.సి. ఫోమ్ 80 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. పలక వంగినప్పుడు ఒక పొర సాగుతుంది, రెండవది నొక్కుకుంటుంది. ఆ రెండింటినీ ఎడంగా నిలిపి ఉంచడమే నడిమి ఫోమ్ చేసే పని. ఆ ఎడం రెండింతలైతే పలక దార్ఢ్యం దాదాపు నాలుగింతలవుతుంది. బరువు స్వల్పంగానే పెరుగుతుంది. పైగా ప్లైవుడ్ ఒక దిక్కుకే చక్కగా వంగుతుంది; ఫోమ్‌ను గిన్నెవలె రెండు దిక్కులా ఒంపు తిప్పవచ్చు. పోటీ పడవలకు, పెద్ద పడవల పైతట్టులకు ఇది తగినదే.

అయితే మన తీరం సంగతి వేరు. రేవులేని పల్లెలలో పడవ ప్రతిదినం అలల మీదుగా వచ్చి ఇసుకపై పడుతుంది; పదిమంది చేయివేసి దానిని పైకి లాగుతారు. రాయో, లంగరు కొనో తగిలి పలుచని పైపొర చిట్లిందంటే నీరు లోనికి చేరుతుంది. పొరకూ ఫోమ్‌కూ గల అతుకు క్రమంగా వీడుతుంది. పైన రంగు చెక్కుచెదరదు, లోపల బలం మిగలదు. తట్టి చూచి, బోలుగా పలికే చోటును గుర్తించి, పొరను కోసి, ఆరబెట్టి, కొత్త ఫోమ్ అతకడం శిక్షణ పొందినవాని పని. మరొక ప్రమాదమూ కలదు. చౌక అని పి.వి.సి. ఫోమ్‌కు బదులు థర్మోకోల్ వాడితే, పాలిస్టర్ రెజిన్ తగిలినచోటల్లా అది కరిగిపోతుంది.

ప్లైవుడ్‌కూ దోషాలున్నాయి. అంచుల గుండా నీరు దిగితే కుళ్లుతుంది. పూత లేని కలపను సముద్రపు పురుగు తొలుస్తుంది. కాని ఐ.ఎస్. 710 ప్రమాణం గల మెరైన్ ప్లైవుడ్ జిగురు 72 గంటలు మరిగించినా వీడరాదన్నది నియమం. అటువంటి పలక అంచులను ఎపాక్సీతో మూసి, అడుగున గ్లాస్ గుడ్డ అతికితే అది చిరకాలం మన్నుతుంది. దెబ్బ తగిలితే కంటికి కనబడుతుంది. కుళ్లు ఉంటే కత్తిమొన దిగి చెబుతుంది. చెడిన ముక్కను తీసి కొత్తది అతికే పనిని ఊరి వడ్రంగి నేర్వగలడు. 1963లో ఇంగ్లండులో వెలువడిన మిర్రర్ డింగీ అనే తెరచాప పడవను, ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో కుట్టి, అతుకులపై గ్లాస్ పట్టీ అంటించి, సామాన్యులు తమ ఇళ్లలోనే కట్టుకున్నారు. కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టి అలలను దాటిన మన కోరమాండల్ తీరానికి ఆ పద్ధతి పరాయిది కాదు. 1980వ దశకంలో కన్యాకుమారి జిల్లా ముట్టంలో మత్స్యకారుల కోసం ప్లైవుడ్ పడవలు కట్టారు.

కనుక నా నిశ్చితాభిప్రాయం ఇది: నిపుణులూ కార్ఖానా దగ్గరలో ఉన్నచోట ఫోమ్ పలకను ఎంచుకోవచ్చు, ఇసుకపై దిగే చిన్న పడవకు మాత్రం ప్లైవుడ్ అడుగే మేలు. పదార్థాన్ని అది కొత్తగా ఉన్ననాటి బలంతో కాక, దెబ్బతిన్ననాటి స్థితితో తూచాలి. పడవ మోసేది వలలనూ చేపలనూ మాత్రమే కాదు. ఒక కుటుంబపు అప్పును, అన్నాన్ని, ప్రాణాన్ని కూడా.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. ఒకే కొలత గల రెండు పలకలను మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు తెప్పించండి. విద్యార్థులు వాటి నడుమ బరువులు పెట్టి వంపును కొలవాలి. ఆపై రెండింటినీ సుత్తితో ఒకే విధంగా కొట్టి, నెల రోజులు ఉప్పునీట ముంచి, తిరిగి కొలవాలి. ఆ రెండు కొలతల తేడా ప్రకటనలు చెప్పని సత్యాన్ని చెబుతుంది. అప్పుడు నా అభిప్రాయమే తప్పని తేలినా, దానిని సంతోషంతో సరిదిద్దుకుంటాను.