కళ్లద్దాలు తీసేద్దామని...

పొద్దున్నే మెలకువ వస్తుంది. కళ్లు పూర్తిగా తెరవకముందే చెయ్యి తలగడ పక్కన తడుముతుంది. అద్దాలు దొరికాయా, రోజు మొదలు. దొరకలేదా... అద్దాలు వెతకడానికి అద్దాలు కావాలి! మైనస్ ఐదో ఆరో ఉన్నవాళ్లని ఎవరినడిగినా ఇదే చెబుతారు. వానలో బండి నడపాలన్నా, వేడివేడి కాఫీ నోటి దగ్గర పెట్టుకోవాలన్నా తిప్పలే. ఇక పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లకైతే ఇంకో తంటా. 'ఫొటోలో అద్దాలు తీసెయ్యమ్మా' అంటుంది అమ్మ. తీసేస్తే ఫొటోగ్రాఫర్ ఎటున్నాడో కనబడడు.

గుంటూరులో అలాంటి అక్కాచెల్లెళ్లు ఉన్నారు. అక్కకి ఇరవై ఆరు, చెల్లికి ఇరవై. అక్కది మైనస్ ఆరు. నాలుగేళ్లుగా పవర్ అక్కడే ఆగింది. చెల్లిది మైనస్ నాలుగే. కాకపోతే సిలిండర్ పవర్ కూడా ఉంది, ఏడాదికోసారి అద్దాలు మార్చాల్సి వస్తోంది. అక్కకి సంబంధాలు చూస్తున్నారు. 'ఎలాగూ హైదరాబాద్ వెళుతున్నాం కదండీ, ఇద్దరికీ ఒకేసారి లేజర్ చేయించేద్దాం' అంది అమ్మ. నాన్న ఇద్దరికీ సరిపడా డబ్బు సర్దాడు. నలుగురూ రైలెక్కారు.

ఆఫీసుకి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకెళ్లే అలవాటు అక్కకి ఉంది. రెండు వారాల ముందే మానెయ్యమని ఆసుపత్రి వాళ్లు ఫోన్లోనే చెప్పారు. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం కాస్త మారుతుంది. ఆ మారిన ఆకారాన్ని కొలిచి లేజర్ పెడితే లెక్క తప్పుతుంది.

కార్నియా అంటే ఏముందీ, గడియారానికి గాజులాగా నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. దగ్గరి చూపు మాత్రమే ఉన్నవాళ్లలో సాధారణంగా కనుగుడ్డు కాస్త పొడవుగా ఉంటుంది. దాంతో వెలుగు రెటీనా మీద కాకుండా ముందే కలుస్తుంది. లేజర్ చేసే పని, కార్నియాని మధ్యలో కాస్త చదును చేసి ఆ వెలుగుని వెనక్కి జరపడం. ఒక్కో పవర్‌కి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. పైన తెరిచే పల్చటి మూత ఓ 110 మైక్రాన్లు. ఇవన్నీ పోగా కింద కనీసం 250 మైక్రాన్లయినా మిగలాలి. మిగలకపోతే? చెయ్యకూడదు. అంతే!

ఇంతకీ, ఇలా కంటిని చెక్కొచ్చన్న ఆలోచన పుట్టింది కంటాసుపత్రిలో కాదు, అమెరికాలో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం లేబొరేటరీలో. మద్రాసు యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి అమెరికా వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్ అక్కడ ఎక్సైమర్ లేజర్ మీద పనిచేసేవారు. 1981లో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కని మర్నాడు లేబొరేటరీకి పట్టుకెళ్లారు. మామూలు లేజర్‌తో కోస్తే చుట్టూ మాడింది. ఎక్సైమర్‌తో కోస్తే కత్తితో కోసినట్టు గాటు, మాడిన మచ్చే లేదు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరుతో కలిసి దాన్ని కార్నియా మీద ప్రయత్నించారు. 2013లో అమెరికా అధ్యక్షుడు ఒబామా శ్రీనివాసన్‌కీ, ఆయన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లకీ జాతీయ పతకం ఇచ్చారు. పండగ మర్నాడు మిగిలిన కూర ఎవరైనా ఫ్రిజ్‌లో పెడతారు, లేజర్ కింద పెట్టారు కాబట్టే ఇంత కథ!

సరే, ఆసుపత్రికి వద్దాం. పరీక్షలకే సగం రోజు పట్టింది. కన్నీళ్లు సరిగా ఊరుతున్నాయా అని కాగితం ముక్క పెట్టి చూశారు. కనుపాప పెద్దదయ్యే చుక్కలేసి రెటీనా చూశారు. టోపోగ్రఫీ అని, కార్నియాకి ఎత్తుపల్లాల పటం తీశారు. అక్క పటం బాగుంది. చెల్లి పటంలో కింది భాగాన ఎర్రటి మచ్చలా కనిపించింది. డాక్టరుగారు మళ్లీ తీయించారు. మళ్లీ అదే.

'కళ్లు బాగా నులుముకుంటావా అమ్మా?'

చెల్లి కంటే ముందు అమ్మే అందుకుంది. 'చిన్నప్పట్నుంచీ అంతేనండీ. ఎండాకాలం వస్తే చాలు, ఎర్రగా చేసుకుని నులుముతూ కూర్చుంటుంది. చెబితే వినదు.'

కెరటోకోనస్ అన్నారు. కార్నియా మెత్తబడి, పల్చబడి, శంఖంలా ముందుకు పొడుచుకొస్తుంది. సిలిండర్ పవర్ ఏటా మారుతున్నది అందుకే. అలాంటి కార్నియాని లేజర్‌తో ఇంకా పల్చన చేస్తే జబ్బు ముదురుతుంది. కార్నియా మార్పిడి దాకా పోవచ్చు. 'నీకు లేజర్ వద్దమ్మా. ఇప్పుడూ వద్దు, తర్వాతా వద్దు' అనేశారు. ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి వస్తుంది కాబట్టి అక్క పటాల్నీ ఇంకోసారి నిదానంగా చూశారు. రెండు కళ్లూ బాగున్నాయి.

చెల్లి ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నకీ మనసు ఒప్పలేదు. 'ఇంకోచోట కనుక్కుందాం, చేసేవాళ్లుంటారు' అన్నాడు. ఉంటారు, అదే భయం. రెండు కళ్లకీ కలిపి ఇంతని, పండక్కి ఇంత తగ్గింపని ప్రకటనలు వస్తూనే ఉంటాయి. చీరల మీద తగ్గింపు అర్థమవుతుంది. కంటి మీద తగ్గించేది దేన్ని? పరీక్షల్నా? 'వద్దు నాన్నా, ఆయనకి చేస్తే డబ్బొచ్చేది కదా, అయినా వద్దన్నాడు' అంది అక్క. నాన్న ఇంకేమీ అనలేదు.

మర్నాడు అక్క ఆపరేషన్. ఇంజెక్షన్ లేదు, మత్తు లేదు, కంట్లో చుక్కలే. రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టారు. 'ఇప్పుడు ఒత్తినట్టుంటుంది, కాసేపు చీకటవుతుంది, భయపడకు' అన్నారు. నిజంగానే చీకటైంది. తర్వాత మూత తెరిచి, మెరిసే దీపాన్నే చూడమన్నారు. టకటకమని చప్పుడు, వెంట్రుకలు కాలిన వాసన. కంటికి అర నిమిషం. మూత మళ్లీ పరిచారు. బయట హాల్లో టీవీలో ఇదంతా కనబడుతోంది. అమ్మ తల దించుకుని దేవుణ్ని తలుచుకుంటూ కూర్చుంది. రెప్ప వెయ్యకుండా చూసింది చెల్లే.

ఆ పూటంతా కారం పడ్డట్టు మంట, నీళ్లు. నిద్రపోయి లేచేసరికి తగ్గింది. మర్నాడు పొద్దున అక్క చెయ్యి అలవాటుగా తలగడ పక్కన తడిమింది. కళ్లు తెరిస్తే ఎదురుగా గోడ మీద క్యాలెండర్... తిథులతో సహా చదవొచ్చు!

అక్కడితో అయిపోలేదనుకోండి. వారం రోజులు తలస్నానం లేదు, కొన్నాళ్లు కాటుక లేదు, నులుముకోవడం అసలే లేదు. కొన్ని నెలలు కళ్లు పొడిబారి చుక్కలు వేసుకోవాల్సి వచ్చింది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ దీపాల చుట్టూ వెలుగు వలయాలు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. లేజర్ కార్నియాని మారుస్తుందేగానీ కనుగుడ్డు పొడవుని తగ్గించదు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ల రెటీనాకి ఉండే ముప్పు అలాగే ఉంటుంది, కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే. నలభై దాటాక చదవడానికి అద్దాలు అందరిలాగే వస్తాయి. ముసలితనంలో శుక్లాల ఆపరేషన్‌కి లెన్సు లెక్కకట్టేటప్పుడు ఈ పాత కొలతలు పనికొస్తాయి. నాన్న ఆ కాగితాలన్నీ పొలం దస్తావేజుల సంచిలో పెట్టి రబ్బరుబ్యాండ్ వేశాడు.

చెల్లికి రెండు నెలల తర్వాత క్రాస్ లింకింగ్ చేశారు. కంట్లో రైబోఫ్లావిన్ చుక్కలు వేస్తూ అతినీలలోహిత కాంతి చూపిస్తారు. రైబోఫ్లావిన్ అంటే మరేదో కాదు, బీ2 విటమినే. దాంతో కార్నియా గట్టిపడుతుంది. పవర్ పోదు, జబ్బు ముందుకు పోకుండా ఆగుతుంది. ఏడాది తర్వాత తీసిన పటంలో ఎర్రమచ్చ పెరగలేదు. కళ్లద్దాలు అలాగే ఉన్నాయి. ఎలర్జీకి చుక్కలు వాడుతోంది. చెయ్యి కంటి దగ్గరికి వెళితే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు కేకేస్తారు.

ఈమధ్య తెనాలి నుంచి మేనమామ ఫోన్ చేశాడు. 'బావా, మా వాడికీ లేజర్ చేయిద్దామనుకుంటున్నాం. ఎంతవుతుంది?'

నాన్న డబ్బు సంగతి చెప్పలేదు. 'ముందిది చెప్పు. మీవాడు కళ్లు నులుముకుంటాడా?'