లెక్కా? మనిషా?

గోదావరిఖనిలో పాఠం చెప్పుకునే నాకు బొగ్గుగని ఒక నీతి నేర్పింది. దిగినవారి లెక్కకూ పైకొచ్చినవారి లెక్కకూ పొంతన కుదరకపోతే వెతకవలసింది మనిషిని. కొట్టివేయవలసింది పేరును కాదు.

తెలంగాణ ప్రభుత్వపు ‘సమగ్ర వేదిక’ నడిచిన దారి ఇందుకు విరుద్ధం. వివిధ శాఖల జాబితాలను పేర్లు, చిరునామాలు పోల్చి ఒకటిగా అల్లిన కంప్యూటర్ వ్యవస్థ అది. ఎవరి కారో పేదవాని పద్దులో చేరింది, బియ్యం ఆగిపోయింది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

యంత్రం తటస్థమనే పండితులను అడుగుతున్నాను: తప్పు యంత్రానిదైతే రుజువు భారం కూలివానిదెందుకు? నేను శాస్త్రానికి శత్రువును కాను. పేరు కొట్టివేసే ముందు గడప తొక్కని లెక్క శాస్త్రం కాదు, పెత్తనం!