నిత్యం మూఢంలో ఉన్న గురువు

గురువు సూర్యుడికి దగ్గరైతే బలం పోతుందని పంచాంగం చెబుతుంది. దానికి గురు మౌఢ్యమి అని పేరు, వాడుకలో మూఢం. ఆ నెల రోజులూ పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. ఉక్కు కర్మాగారంలోనో రైల్వే యార్డులోనో పనికి వచ్చి మా చరోదాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆవకాయ జాడీలతో పాటు ఈ మూఢాన్ని కూడా వెంట తెచ్చుకున్నాయి. 2025 జూన్‌లో వచ్చిన మూఢానికి మా వీధిలో ఒక పెళ్ళి ఆగింది. కుర్రాడికి సెలవు దొరికింది సరిగ్గా ఆ నెలలోనే. హాలుకిచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆడపిల్ల తండ్రి చిన్న ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయనకు అది చిన్న మొత్తం కాదు.

ఆయనతో నేను చెప్పింది ఇంతే. 2025 జూన్ 24న భూమి మీద నుంచి చూస్తే గురువూ సూర్యుడూ ఒకే దిక్కున ఉన్నారు. ఒకే దిక్కున ఉండటం వేరు, దగ్గరగా ఉండటం వేరు. ప్లాట్‌ఫాం మీద నిలబడితే సిగ్నలు స్తంభమూ, మైళ్ళ అవతల ఉన్న పొగగొట్టమూ ఒకే వరసలో కనిపిస్తాయి. అంతమాత్రాన స్తంభం కాలిపోతుందా? గురువు సూర్యుడికి సగటున 77 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతాడు. మూఢంలో ఆ దూరం చెప్పుకోదగ్గంతగా తగ్గదు.

నిజంగానే నక్షత్రం ఒడిలోకి చేరిన గురువు ఎలా ఉంటాడో చూడాలంటే దానికీ ఉదాహరణ ఉంది. కనిపెట్టింది మనవాళ్ళే. అహ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు మౌంట్ ఆబూలోని 1.2 మీటర్ల దూరదర్శినికి ‘పారస్’ అనే వర్ణపటమాపకాన్ని అమర్చి, 2021లో టీఓఐ-1789బీ అనే గ్రహాన్ని ప్రకటించారు. (ఆ వేధశాల ఉన్న కొండ పేరు గురుశిఖర్. పేర్లు కలిసినంత మాత్రాన ఏదో ఉందనుకునే వారికి ఇది కానుక.) అది గురుగ్రహం జాతిదే, వాయుగోళం. తన నక్షత్రానికి 73 లక్షల కిలోమీటర్ల దూరంలోనే తిరుగుతుంది. మన గురువు సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్ళు పడుతుంది, మన పుష్కరాల లెక్క అదే. అక్కడ ఆ చుట్టు 3.2 రోజుల్లో పూర్తవుతుంది. వారానికి రెండు పుష్కరాలన్నమాట!

దాని వేడి సుమారు 1,650 డిగ్రీల సెల్సియస్. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుందని భిలాయి వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. సాంద్రత మాత్రం ఘనసెంటీమీటరుకు 0.28 గ్రాములు. నీళ్ళది 1, సీసా బిరడాకు వాడే బెండుది పావు గ్రాముకు అటూ ఇటూ. కరిగిన ఉక్కు కన్నా వేడి, దాదాపు బెండంత తేలిక.

ఇది చెబితే పెళ్ళి ఆపుకున్న పెద్దమనిషి నన్ను సూటిగా అడిగారు. “ఆడిటరు గారూ, దాన్ని మీరు చూశారా? లేదు గదా! మాదీ నమ్మకమే, మీదీ నమ్మకమే.”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. నేను చూడలేదు, కనిపెట్టిన వాళ్ళూ దాన్ని బింబంగా చూడలేదు. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినన్నాళ్ళూ ఏ ట్యాంకరులోకీ దిగి పెట్రోలు చూడలేదు. కానీ ఆ ట్యాంకరులో ఎంత ఉందో చెప్పగలిగేవాళ్ళం. లీటర్లు ఒక లెక్క, సాంద్రత ఒక లెక్క, ఉష్ణోగ్రత ఒక లెక్క. వేసవిలో పెట్రోలు వ్యాకోచిస్తుంది. పది డిగ్రీల తేడాకు వెయ్యి లీటర్ల దగ్గర సుమారు పది లీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది, బరువు మాత్రం పెరగదు. అందుకే అన్నిటినీ 15 డిగ్రీల లెక్కకు మార్చి సరిచూడాలి. పెట్రోలు బంకుల్లో బోర్డు మీద సాంద్రత రాసి ఉంటుంది.

గ్రహానికీ రెండు పుస్తకాలున్నాయి. మొదటిది పరిమాణం. నాసా 2018లో పంపిన ‘టెస్’ ఉపగ్రహం ఆ నక్షత్రాన్ని చూస్తూ ఉంటే, 3.2 రోజులకోసారి దాని వెలుగు అర శాతం కన్నా తక్కువే తగ్గుతోంది. ఎంత తగ్గిందో తెలిస్తే అడ్డొచ్చిన దాని సైజు తెలుస్తుంది. గురువుకు 1.44 రెట్లు. రెండోది బరువు. గ్రహం లాగుతుంటే నక్షత్రం కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగుడు సెకనుకు 70 మీటర్ల పైచిలుకు. మన రాజధాని ఎక్స్‌ప్రెస్ వేగానికి రెండింతలు, అంతే. 700 కాంతి సంవత్సరాల అవతల ఉన్న నక్షత్రం వెలుగులో ఆ కాస్త తేడాను ‘పారస్’ పట్టింది. జర్మనీలోని టాటెన్‌బర్గ్ వేధశాల కూడా కొలిచింది. వచ్చిన బరువు గురువులో 0.70 వంతు.

ఇక మీరే కాగితం తీసుకోండి. 1.44ను మూడుసార్లు గుణిస్తే 2.99. 0.70ను దానితో భాగిస్తే 0.234. గురువు సాంద్రత 1.33తో గుణిస్తే 0.31 వస్తుంది. శాస్త్రజ్ఞులు వేసిన 0.28కి అది దగ్గరే. వాళ్ళు ఆ అంకె పక్కనే పైకి 0.14, కిందికి 0.12 తేడా ఉండొచ్చని రాశారు. ఎంత తప్పు ఉండొచ్చో తనంతట తానే రాసి సంతకం పెట్టే లెక్క ఇది. గురువుకు ఎంత బలం పోయిందో, అటూ ఇటూ ఎంతో, ఏ పంచాంగంలోనైనా చూపించండి, నేను కూర్చుని ఆడిట్ చేస్తాను.

అలాగని శాస్త్రజ్ఞుల దగ్గర అన్ని పద్దులూ తేలిపోయాయని కాదు. వేడికి వాయువు ఉబ్బుతుంది, నిజమే. కానీ పైపొర ఎంత మాడినా గోళమంతా ఇంతగా ఉబ్బదు. లోపలెక్కడో వేడి నిలవాలి. అది అక్కడికి ఎలా చేరింది? ఇలాంటి గ్రహం సైజును మొదటిసారి కొలిచింది 1999లో, హెచ్‌డీ 209458 అనే నక్షత్రం దగ్గర. అదీ గురువుకన్నా మూడో వంతుకు పైగా ఎక్కువ ఉబ్బే ఉంది. అప్పటినుంచి ఈ ప్రశ్న నడుస్తోంది. విద్యుదావేశమున్న గాలులు గ్రహపు అయస్కాంత క్షేత్రంలో వీచినప్పుడు కరెంటు పుట్టి, హీటరు తీగలా లోపలి పొరలను వేడెక్కిస్తుందని కొందరు 2010 నుంచి అంటున్నారు. నక్షత్రపు ఆకర్షణ పిసికినందువల్ల వచ్చిన వేడని మరికొందరి వాదం. నక్షత్రం నుంచి ఎక్కువ వేడి అందుకునేవే ఎక్కువ ఉబ్బుతున్నాయని మాత్రం లెక్కలు చూపిస్తున్నాయి. కారణం మీద అందరి ఒప్పుదల రాలేదు. మా భాషలో దీన్ని సస్పెన్స్ ఖాతాలో ఉంచడం అంటారు. తేడా ఉందని ఒప్పుకుని, వోచరు దొరికేదాకా పద్దు తెరిచి ఉంచడం. మూఢంలో చేసిన పెళ్ళి బాగుంటే పూర్వజన్మ పుణ్యం, చెడితే మూఢం ప్రభావం అనేవారి పుస్తకంలో ఈ ఖాతాయే ఉండదు. అక్కడ ప్రతి పద్దూ అదే రోజు మూసేస్తారు.

అన్నట్టు, అదే ‘పారస్’తో అదే బృందం 2023లో టీఓఐ-4603బీ అనే ఇంకో గ్రహాన్ని ప్రకటించింది. అదీ వాయుగోళమే. 7.25 రోజులకో చుట్టు చుడుతుంది, అంటే అదీ నిత్యం మూఢంలో ఉన్నదే. సైజులో మన గురువంత, బరువు సుమారు 13 రెట్లు, సాంద్రత 14. సీసం సాంద్రత 11.3.