నష్టం పంచేటప్పుడే గుర్తొస్తామా?

"ధర పడిపోయింది, ఈసారికి సర్దుకోండి." అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో గెలలు కోసే ముఠాలకు ఈ మాట కొత్త కాదు. సర్దుకోవడమూ కొత్త కాదు. అయితే ఒక్క ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా తొలుస్తూ వుంది. ధర పెరిగిన రోజున "ఈసారి మీకూ నాలుగు రూపాయలు ఎక్కువ" అంటూ తనంతట తాను పిలిచి యిచ్చిన ఆసాములు ఎంతమంది?

2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా ప్రభుత్వం పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఎక్కడి ఇండోనేషియా, ఎక్కడి అశ్వారావుపేట! అయినా ఆ వేసవిలో యిక్కడ టన్ను గెలల ధర 20 వేలు దాటింది. నెల తిరక్కముందే అక్కడ నిషేధం ఎత్తేశారు. తర్వాత యిక్కడ ధరా దిగింది. ధర పైనున్నన్నాళ్లూ మా ముఠాకు టన్నుకిచ్చే కూలి పాతదే. ధర దిగేసరికి మాత్రం కూలి తగ్గించాలన్న మాట వచ్చింది. లాభమొస్తే ఆసామి తెలివి, నష్టమొస్తే అందరి తలరాత! ఇదేం లెక్క?

రెండెకరాల రైతుకు కష్టం లేదని నేననను. ఎరువు అప్పు, మందు అప్పు అతని మెడకూ వున్నాయి. కానీ ధర పడితే రైతుకు రాబడి తగ్గుతుంది. కూలి తగ్గితే ఆ పూట పొయ్యి మీద ఎసరు తగ్గుతుంది. ఈ రెండు నష్టాలనూ ఒకే తక్కెడలో వెయ్యకూడదు. గెలల ధర కట్టేది పైనున్న సర్కారు. దిగుమతి సుంకం పెంచేదీ తగ్గించేదీ ఢిల్లీ. చిన్న రైతు కొట్లాడాల్సింది పైవాళ్లతో. ఆ పోరాటంలో మేమూ అతని పక్కన నిలబడతాం. పైవాణ్ణి అడగలేక కింది వాడి కూలి కొయ్యడం న్యాయం కాదు.

సర్కారు లెక్కా యిలాగే వుంది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టా వున్నవాడికే డబ్బు. కౌలుకు దున్నేవాడికి లేదు, కూలికి అసలే లేదు. 2025 జనవరిలో రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి 12 వేలు, ఉపాధి పనికి కనీసం 20 రోజులు పోయిన భూమిలేని కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేలు అని ప్రకటించారు. అంటే పదెకరాల ఆసామికి లక్షా 20 వేలు. ఇంటిల్లిపాదీ కష్టపడే కూలి కుటుంబానికి ఒక్క ఎకరం పాటి విలువ! కూలికి పేరంటూ పెట్టినందుకు సంతోషమే. కానీ కష్టాన్ని కొలవాల్సిన చోట కూడా భూమినే కొలుస్తున్నారు.

ఇంతవరకూ ఎదుటివాళ్ల తప్పు చెప్పాను. మన తప్పూ చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక తోటలో రేటు పెంచాలని మూడు రోజులు పని బందు పెట్టాం. చివరికి ఆసామి దిగొచ్చాడు. గెలలు కోసే మగవాళ్లకు పెంపు, రాలిన పండ్లు ఏరే ఆడవాళ్లకు పాత రేటే అన్నాడు. "ముందు ఇదన్నా రానీ" అని నేనే ఒప్పుకున్నా. ఆ సాయంత్రం ఒక పెద్దావిడ నన్ను నిలబెట్టి అడిగింది: "ఆసామి మీకు చెప్పిన మాటే నువ్వు మాకు చెబుతున్నవ్ గద తమ్ముడూ, సర్దుకోమని. మూడు దినాలు మేం పస్తులున్లేదా?" నా దగ్గర జవాబు లేదు. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టమొచ్చింది. "వాళ్ల పని వేరు" అని ఆసామి అంటే మేం నోరు మూసుకున్నాం.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలను చూసి "వీళ్లొచ్చి మన రేటు చెడగొట్టిన్రు" అని మనోళ్లే గొణుగుతారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల పని ఆగిపోయి, బస్సుల్లేక, ములుగు జిల్లా పేరూరు నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడిచి బయలుదేరిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల ఇల్లు చేరకముందే ప్రాణం విడిచింది. మిరపకాయ ఏరడానికి వచ్చిన పిల్ల అది. మన రేటు చెడగొట్టింది ఆ పిల్లా? ఆ పిల్ల ఆకలిని చూసి సగం రేటు కట్టినవాడా? రేటు ఒక్కటైతే తక్కువకు దొరికే మనిషే వుండడు.

కనుక ఈసారి ఒప్పందం కాగితం మీదే జరగాలి. టన్ను ధర ఇంత పెరిగితే కూలి ఇంత పెరగాలని ముందే రాసుకోవాలి. ధర ఎంత పడినా కూలి ఒక గీత కిందికి దిగరాదని రాసుకోవాలి. ఆడా మగా, ఇక్కడివాళ్లూ బయటివాళ్లూ, అందరికీ ఆ కాగితం వర్తించాలి. దయ అడగడం లేదు, లెక్క అడుగుతున్నాం.

ఆ కాగితం మీద మొదటి వేలిముద్ర ఆ పెద్దావిడదే కావాలి. ఆమె వెయ్యనన్న ఒప్పందానికి నేను సంతకం పెట్టను.